తెలుగునేల పగటిబల్లులు: రూపం, ఆవాసం, సంతానోత్పత్తి

వ్యాససంగ్రహం:

తెలుగునాట బల్లి అంటే దీపం దగ్గర పురుగులు పట్టే గోడబల్లే స్ఫురిస్తుంది. పగటివెలుగులో సంచరించే బల్లులూ ఈ నేలమీద ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్ కొండల నుంచి అటువంటి జాతులు రెండు 2020లో శాస్త్రలోకానికి పరిచయమయ్యాయి. వాటి రూపాన్ని, ఆవాసాన్ని, సంతానోత్పత్తి విధానాన్ని వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం. ఈ మూడూ రాతిపగులు అనే ఒకే ఆధారంపై నిలిచి ఉన్నాయని, రాయి కదిలితే మూడూ ఒక్కసారిగా దెబ్బతింటాయని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. ఆవాస వివరణకు పల్నాడు జిల్లాలోని ఎత్తిపోతల లోయను, పోలికకు బంగారుబల్లిని, అండమాన్, మారిషస్ దీవుల పగటిబల్లులను స్వీకరించడమైంది.

కీలకపదాలు: పగటిబల్లి, నెమాస్పిస్, బంగారుబల్లి, ఫెల్సూమా, ఎత్తిపోతల, తూర్పుకనుమలు, ఆవాసం.

1. ఉపోద్ఘాతం:

పల్నాడు జిల్లా మాచర్ల మండలంలో, నాగార్జునసాగర్‌కు సుమారు 11 కిలోమీటర్ల దూరంలో, చంద్రవంక సుమారు 70 అడుగుల ఎత్తు నుంచి లోయలోకి దూకుతుంది. అదే ఎత్తిపోతల. ఎత్తు నుంచి నీరు పోతపోసినట్లు పడడం వల్ల ఈ పేరు వచ్చిందనేది సహజమైన వ్యుత్పత్తి. యతులు తపస్సు చేసిన తలం కాబట్టి ‘యతి తపోతలం’ ఎత్తిపోతల అయిందనేది జనశ్రుతి. జలపాతం కింది మడుగును, అటవీశాఖ మొసళ్ల పెంపకకేంద్రాన్ని, దత్తాత్రేయ ఆలయాన్ని చూడడానికి యాత్రికులు వస్తారు. సరీసృపాలలో అందరి దృష్టీ మొసలిమీదే నిలుస్తుంది.

అయితే ఈ పరిసరాలకు సరీసృపశాస్త్రంలో మరొక గుర్తింపు కూడా ఉంది. భారత జంతుశాస్త్ర సర్వేక్షణ సంస్థకు చెందిన ఆర్.సి. శర్మ నాగార్జునకొండ ప్రాంతం నుంచి 1969లో ఒక కొత్త నలికిరి జాతిని, 1976లో ఒక కొత్త పాము జాతిని వర్ణించారు. నలికిరి శాస్త్రీయనామంలో నాగార్జునుడి పేరే నిలిచింది. కృష్ణాతీరపు రాతికొండలు తమవైన జీవులను పోషించగలవనడానికి ఇవి నిదర్శనాలు. చిన్న ప్రాణుల విషయంలో ఈ కొండలను ఏ దృష్టితో చూడాలో తెలుసుకోవడానికి పగటిబల్లి మంచి ఉదాహరణ.

2. బల్లి – పదం, ప్రతీతి:

బల్లి ద్రావిడపదం. తమిళ మలయాళాలలో ‘పల్లి’, కన్నడంలో ‘హల్లి’ దీనికి సజాతీయాలు. సంస్కృత నిఘంటువులలోని ‘పల్లీ’ శబ్దం కూడా ఈ పదంతో ముడిపడినదే. తెలుగులో ‘గౌళి’ అనే పర్యాయపదం ‘గౌళిపాటు’, ‘గౌళిశాస్త్రం’ వంటి సమాసాలలో నిలిచి ఉంది. గృహగోధిక అంటే ఇంటి ఉడుము. ఈ మాటలు ఎక్కువగా ఇంటిగోడనే ఆశ్రయించాయి.

ప్రతీతులు కూడా అంతే. ఒంటిమీద బల్లి పడితే ఫలం చూసుకోవడం, మాట మధ్యలో బల్లి పలికితే ఆ మాట నిజమని నమ్మడం, కంచి వరదరాజస్వామి ఆలయంలోని బంగారు, వెండి బల్లులను తాకితే దోషం పోతుందని భావించడం తెలుగు సమాజంలో నేటికీ ఉన్నాయి. ‘శకునం చెప్పిన బల్లి కుడితిలో పడ్డట్టు’ అన్న సామెత ఈ నమ్మకాన్నే ఎత్తిపొడుస్తుంది.

ఇంత సమృద్ధమైన పదసంపదలోనూ కొండరాళ్లమీద పగలు తిరిగే బల్లికి ప్రత్యేకమైన పేరు స్థిరపడలేదు. ఆకారంలో చిన్నది, రంగులో రాయిని పోలినది కావడంతో అది చూపరులకు బల్లిపిల్లగానో తొండపిల్లగానో తోస్తుంది. తొండ వేరే కుటుంబానికి చెందిన జీవి. దానికి కనురెప్పలుంటాయి, నెమాస్పిస్ బల్లికి ఉండవు. ఈ వ్యాసంలో ‘పగటిబల్లి’ అనే మాటను పగటివేళ చురుకుగా సంచరించే బల్లులన్నింటికీ సామాన్యనామంగా వాడడమైంది.

3. రాత్రి నుంచి పగటికి:

బల్లుల పూర్వీకులు చాలాకాలం రాత్రిజీవులుగా ఉన్నారు. ఆ చరిత్ర వాటి కంటిలో కనిపిస్తుంది. మనిషి కంటిలో మసకవెలుగుకు దండకణాలు, రంగులకు శంకుకణాలు ఉంటాయి. బల్లుల పూర్వీకులలో దండకణాలు లోపించాయి. తరువాత రాత్రిజీవనానికి అలవాటుపడిన బల్లులలో శంకుకణాలే పెద్దవై, దండకణాల వలె పనిచేయడం మొదలుపెట్టాయి. కంటికణాలు ఇలా రూపం మార్చుకోగలవన్న సిద్ధాంతాన్ని గోర్డన్ వాల్స్ 1942లో విస్తృతంగా ప్రతిపాదించారు. మనిషికి అంతా బూడిదరంగుగా తోచే మసకవెలుగులోనూ ఒక రాత్రిబల్లి రంగులను వేరుచేయగలదని 2004లో ప్రయోగపూర్వకంగా నిరూపితమైంది.

ఇటువంటి రాత్రిజీవుల నుంచి కొన్ని వర్గాలు, ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా, తిరిగి పగటివెలుగులోకి వచ్చాయి. హిందూమహాసముద్ర దీవులలోని ఫెల్సూమా, దక్షిణాసియాలోని నెమాస్పిస్ వాటిలో ముఖ్యమైనవి. పగలు తిరగడంలో రెండు ప్రయోజనాలున్నాయి: రాత్రిబల్లులతో ఆహారానికి పోటీ తగ్గుతుంది, రంగు ద్వారా సంకేతాలు పంపే వీలు కలుగుతుంది. రెండు కష్టాలు కూడా ఉన్నాయి: ఎండ ఒంట్లోని తడిని లాగేస్తుంది, పక్షులకు కనబడే ప్రమాదం పెరుగుతుంది. పగటిబల్లి రూపాన్నీ నివాసాన్నీ ఈ లాభనష్టాల దృష్టితో పరిశీలించాలి.

4. రూపం:

4.1 నెమాస్పిస్ సామాన్యలక్షణాలు:

నెమాస్పిస్ ప్రజాతిని స్ట్రాచ్ 1887లో ఏర్పరిచారు. భారతదేశం, శ్రీలంకలలో నేడు ఈ ప్రజాతికి వందకు పైగా జాతులున్నాయి. పడమటికనుమలు, శ్రీలంక వీటికి ప్రధాన నిలయాలు. ముక్కు నుంచి మలద్వారం వరకు కొలిస్తే వీటిలో చాలా జాతులు మూడు నుంచి ఐదు సెంటీమీటర్లు ఉంటాయి. తోక అదనం. ఆపద వస్తే తోకను తెంచుకొని పారిపోవడం ఇతర బల్లులలాగే వీటికీ ఉంది.

ఇంటిబల్లితో పోల్చినప్పుడు రెండు తేడాలు స్పష్టంగా కనిపిస్తాయి. మొదటిది కనుపాప. ఇంటిబల్లి కనుపాప వెలుతురులో నిలువుగీతలా ముడుచుకుంటుంది. నెమాస్పిస్ కనుపాప గుండ్రంగా ఉంటుంది. రెండవది కాలివేలు. ఇంటిబల్లి వేళ్ల అడుగున వెడల్పాటి మెత్తలుంటాయి. వాటిమీది అసంఖ్యాకమైన సూక్ష్మరోమాలు ఉపరితలంతో కలిగించుకొనే అణుస్థాయి ఆకర్షణ వల్లే అది నున్నటి గోడను పట్టుకోగలుగుతుంది. నెమాస్పిస్ వేళ్లు సన్నగా, కణుపుల దగ్గర వంగి, కొనలో గోళ్లతో ఉంటాయి, వెడల్పాటి మెత్తలుండవు. దాని పట్టుకు గరుకుదనం కావాలి. అందుకే సున్నం పూసిన నున్నటి గోడకంటే గరుకురాయి, చెట్టు బెరడు దానికి అనుకూలం.

ఒంటిరంగు గోధుమ, బూడిద ఛాయలలో, మచ్చలతో, రాతిమీది నాచుమరకలను తలపిస్తుంది. కొన్ని జాతుల మగబల్లుల గొంతు పసుపుగానో నారింజగానో ఉంటుంది. పైనుంచి చూసే పక్షికి రాయిలా, ఎదురుగా వచ్చే మరో మగబల్లికి రంగుజెండాలా కనబడడం ఈ అమరికలోని విశేషం. చాలా జాతుల మగవాటికి తొడల కింద, మలద్వారం ముందు, మైనం వంటి పదార్థాన్ని స్రవించే రంధ్రాలుంటాయి. జాతులను వేరుచేయడంలో వీటి సంఖ్యకు, అమరికకు ప్రాధాన్యం ఉంది.

4.2 తెలుగునేల జాతులు:

2020కి ముందు ద్వీపకల్ప భారతంలో, పడమటికనుమలకు వెలుపల, కొన్ని నెమాస్పిస్ జాతులే వర్ణితమై ఉన్నాయి. ఆ ఏడు ఇషాన్ అగర్వాల్, ఆరన్ బౌయర్, అక్షయ్ ఖండేకర్ నెల్లూరు జిల్లా వెలికొండ శ్రేణి నుంచి నెమాస్పిస్ అవసబినే జాతిని వర్ణించారు. సముద్రమట్టానికి 200 మీటర్ల లోపు ఎత్తులో లభించిన ఈ బల్లి శరీరం, తోకను మినహాయిస్తే, మూడు సెంటీమీటర్లు దాటదు. దీనికి దగ్గరి చుట్టాలు శ్రీలంకలో ఉండడం విశేషం. అదే ఏడాది మదనపల్లె సమీపంలోని రిషివ్యాలీ గ్రానైట్ గుండ్ల నుంచి నెమాస్పిస్ రిషివ్యాలియెన్సిస్ వర్ణితమైంది. జనం రోజూ చూసే రాతిగుట్టలపై కూడా పేరులేని జీవులు తిరుగుతున్నాయని ఈ రెండు ఆవిష్కరణలూ తెలియజేశాయి.

5. ఆవాసం:

5.1 రాతిపగులు అనే ఇల్లు:

మండువేసవిలో బండ పైభాగం చెయ్యి పెట్టలేనంతగా కాలుతుంది. అదే బండ కింది పగులులో చల్లదనం, కొంత తేమ నిలుస్తాయి. పగటిబల్లి ఈ రెండు లోకాల అంచున బతుకుతుంది. నీడపట్టున రాతిముఖం మీద పురుగులను వేటాడుతుంది. ఎండ ముదిరినా, పక్షి నీడ పడినా, పగులులోకి జారుకుంటుంది. బయటి వాతావరణం మారినంత వేగంగా పగులులోని వాతావరణం మారదు.

ఈ నిలకడ కాలపరిమాణంలోనూ కనిపిస్తుంది. మైసూరు పీఠభూమిలోని గ్రానైట్ గుండ్లమీద నివసించే నెమాస్పిస్ శాఖపై అగర్వాల్ తదితరులు 2020లో ఒక అధ్యయనం ప్రచురించారు. ఆ శాఖ మయోసీన్ యుగంలోనే, అంటే 2.3 కోట్ల నుంచి 53 లక్షల ఏళ్ల కిందటి కాలంలో, వేరుపడిందని, చుట్టూ నేల ఎండిపోతున్న కాలాలలో రాతిగుండ్లే వాటికి ఆశ్రయాలయ్యాయని వారు వివరించారు. అడవి తరిగి మైదానం ఎండినా రాతి నీడ మిగిలింది. ఆ నీడలో బల్లి మిగిలింది.

దీని పర్యవసానం మరొకటి ఉంది. ఒక గుట్ట నుంచి మరో గుట్టకు మధ్యనున్న ఎండుమైదానాన్ని దాటడం ఈ చిన్నప్రాణికి కష్టం. ప్రతి గుట్ట ఒక దీవి అవుతుంది. ఒక్కొక్క దీవిలో వేరువేరుగా బతికిన జీవులు కాలక్రమంలో వేరు జాతులవుతాయి. అందుకే నెమాస్పిస్‌లో ఒక్క కొండకో కొన్ని గుట్టలకో పరిమితమైన జాతులు ఎక్కువ.

5.2 ఎత్తిపోతల లోయ – ఒక ఆవాసపాఠం:

ఎత్తిపోతల లోయలో ఆవాసపు మెట్లన్నీ ఒకేచోట కనిపిస్తాయి. పైన ఎండకు కాగే బండనేల, దానిమీద ముళ్లపొదలు. అంచు నుంచి నిలువునా తెగిన రాతిగోడ. ఆ గోడలో పొరలు విడిపోయిన చోట అడ్డపగుళ్లు. జలపాతపు తుంపరతో తడిసే భాగంలో నాచు. అడుగున మడుగు, దాన్ని చుట్టిన చెట్ల నీడ. కొద్ది మీటర్ల తేడాలో ఉష్ణోగ్రత, తేమ, వెలుతురు మారిపోతాయి. ఒక్కొక్క మెట్టుకు తగిన జీవులు ఒక్కొక్కచోట కుదురుకొనే వీలు ఇటువంటి లోయ కల్పిస్తుంది.

సరీసృపాల సర్వేక్షణలో ఇటువంటి చోటును పొద్దున నీడపట్టు గోడలమీద, మధ్యాహ్నం పగుళ్ల లోపల, రాత్రి దీపం వేసుకొని బండలమీద వేరువేరుగా చూడాలి. ఒక్క వేళలో చూసినవారికి లోయలోని జీవులలో సగం కనబడవు. పగటిబల్లి రాత్రి నిద్రిస్తుంది. రాత్రిబల్లి పగలు పగులులో దాగుతుంది. ఒకే పగులు రెండు పూటలా ఇద్దరికి ఇల్లు కావచ్చు.

6. సంతానోత్పత్తి:

గెకోనిడే కుటుంబపు బల్లులు సాధారణంగా ఒక్కో ఈతకు రెండు గుడ్లు పెడతాయి. రెండు అండవాహికలలో ఒక్కొక్కటి చొప్పున పెరగడం ఇందుకు కారణం. గుడ్డు బయటికి వచ్చినప్పుడు పెంకు మెత్తగా, జిగురుగా ఉంటుంది. గాలి తగలగానే గట్టిపడి, ఆనుకున్న రాతికి అతుక్కుపోతుంది. తొండ, ఉడుముల గుడ్లకు తోలు వంటి పెంకు ఉంటుంది. అవి తడినేలలో పూడితేగాని నిలవవు. బల్లి గుడ్డు సున్నపు పెంకు లోపలి తడిని కాపాడుతుంది కాబట్టి పొడిరాతి పగులులోనూ పిండం ఎదుగుతుంది.

ఈ సౌలభ్యానికి ఒక మూల్యం ఉంది. అతుక్కున్న గుడ్డును తల్లి మరోచోటికి తరలించలేదు. పిల్ల బయటపడే వరకు ఆ పగులులోని వేడి, తేమ మారకుండా ఉండాలి. అందుచేత తగిన పగులును ఎంచుకోవడంలోనే తల్లి బాధ్యత చాలావరకు ఇమిడి ఉంది. మంచి పగుళ్లు తక్కువ కాబట్టి అనేక ఆడబల్లులు ఒకే పగులులో గుడ్లు పెట్టడం నెమాస్పిస్ జాతులలో తరచుగా కనిపిస్తుంది. పాత పెంకుల పక్కనే కొత్త గుడ్లుంటాయి. రాతిమీద మిగిలిన పెంకు మచ్చలు ఆ పగులు తరతరాలుగా ప్రసూతిగృహమని చెప్పే ఆనవాళ్లు.

ఫెల్సూమా బల్లులలో మరొక విషయం కూడా నిరూపితమైంది. గుడ్డు పొదిగే ఉష్ణోగ్రతను బట్టి పిల్ల ఆడదో మగదో నిర్ణయమవుతుంది. ఆడ ఫెల్సూమాల మెడకు ఇరువైపులా సున్నపు నిల్వసంచులు ఉబ్బి కనిపిస్తాయి. గుడ్డుపెంకుకు కావలసిన కాల్షియం అక్కడ నిలువ ఉంటుంది.

7. బంధువులు, పోలికలు:

7.1 బంగారుబల్లి:

తెలుగునేలమీద పేరుపొందిన రాతిబల్లి బంగారుబల్లి. రిచర్డ్ హెన్రీ బెడ్డోమ్ దీన్ని 1870లో వర్ణించారు. చాలాకాలం మరుగునపడి, 1980వ దశకంలో తిరుపతి కొండలలో తిరిగి వెలుగులోకి వచ్చింది. శేషాచలంతోపాటు పాపికొండలలో, ఒడిశా, తమిళనాడుల తూర్పుకనుమలలో కూడా ఇది ఉంది. దీని ప్రజాతినామం కాలోడాక్టిలోడిస్‌లో ‘అందమైన వేలు’ అనే అర్థమున్న గ్రీకుపదం ఉంది. వేలికొనన జంటగా ఉండే పలకల వంటి మెత్తలే ఆ పేరుకు మూలం. సంతానకాలంలో మగబల్లి బంగారుపసుపు వర్ణం దాలుస్తుంది. ఆడబల్లి, పిల్లలు మట్టిరంగులో ఉంటాయి.

ఇది ప్రధానంగా రాత్రిజీవి. అయితే దట్టమైన నీడగల గుహలలో పగలూ సంచరిస్తుంది. సెలయేళ్ల పక్కనున్న చల్లని గుహలు, రాతిచీలికలు దీని నివాసం. అక్కడి రాతిపైకప్పుకు అనేక ఆడబల్లులు గుడ్లు అతికిస్తాయి. ఈ ప్రజాతిలో మిగిలిన ఒకే ఒక్క జాతి శ్రీలంకలో ఉంది. వెలికొండ పగటిబల్లి చుట్టరికం కూడా శ్రీలంకతోనే ఉండడం ఈ సందర్భంలో గమనార్హం. వన్యప్రాణి సంరక్షణచట్టం మొదటి షెడ్యూలులో బంగారుబల్లికి స్థానం లభించింది.

7.2 అండమాన్, మారిషస్:

ప్రపంచంలో ‘పగటిబల్లి’గా ప్రఖ్యాతమైనది ఫెల్సూమా. డచ్చి వైద్యుడు ఫాన్ ఫెల్సుమ్ పేరిట గ్రే 1825లో ఈ ప్రజాతికి నామకరణం చేశారు. మడగాస్కర్, దాని చుట్టుపక్కల దీవులు వీటి పుట్టినిల్లు. ఆకుపచ్చ ఒళ్లు, ఎర్రమచ్చలు, గుండ్రని కనుపాప వీటి గుర్తులు. వేలమైళ్ల దూరాన, తెలుగువారు గణనీయంగా స్థిరపడిన అండమాన్ దీవులలో, ఈ ప్రజాతికి చెందిన ఒక జాతి ఉంది. బ్లైత్ 1861లో వర్ణించిన ఆ అండమాన్ పగటిబల్లి కొబ్బరి, అరటి చెట్లపైనా ఇళ్లగోడలపైనా కనిపిస్తుంది.

తెలుగువారికి సంబంధించిన మరొక దీవి మారిషస్. కోరంగి రేవు పేరుమీద ‘కోరంగులు’గా పిలిపించుకున్న తెలుగు కూలీల సంతతి అక్కడ ఉంది. 1990లో మూడవ ప్రపంచ తెలుగు మహాసభలకు ఆ దేశమే వేదికైంది. అక్కడి పగటిబల్లులు పురుగులతోపాటు పూలతేనె కూడా తాగుతాయి. కొన్ని మారిషస్ పూలలో తేనె ఎర్రగానో పసుపుగానో ఉంటుంది. ఆ రంగు బల్లులను ఆకర్షించే సంకేతమని డెనిస్ హాన్సెన్ బృందం 2006లో ప్రయోగాలతో చూపింది. 2007లో అదే పరిశోధకుడి నాయకత్వంలో వెలువడిన అధ్యయనం మరింత ఆసక్తికరమైనది. ట్రొకీషియా అనే మొక్కకు నీలితోక పగటిబల్లి పరాగసంపర్కం చేస్తుంది. ఆ బల్లి మొగలిజాతి పొదలలో దాగి బతుకుతుంది. పొదకు దగ్గరగా ఉన్న ట్రొకీషియాలు ఎక్కువ కాయలు కాస్తాయి, దూరమైనవి తక్కువ. పొద తొలగిస్తే బల్లి తగ్గుతుంది. బల్లి తగ్గితే పక్కమొక్క కాయలు తగ్గుతాయి. అక్కడ మొగలిపొద నిర్వహించే ఆశ్రయధర్మాన్ని తెలుగునేలమీద రాతిపగులు నిర్వహిస్తోంది.

8. ముప్పు – రక్షణ:

అడవి నరికినచోట తిరిగి మొక్క మొలవవచ్చు. పగిలిన బండ తిరిగి మొలవదు. చిత్తూరు, ప్రకాశం ప్రాంతాల గ్రానైట్ క్వారీలు, పల్నాడులో సిమెంటుకు, సున్నపుబట్టీలకు సాగే సున్నపురాయి తవ్వకాలు ఎందరికో జీవనాధారం. వీటివల్ల కరిగేది మనిషి కంటికి ఉత్త రాయి. పగటిబల్లికి అది వేటస్థలం, దాగుచోటు, ప్రసూతిగృహం. ఒక్క గుట్టకు పరిమితమైన జాతి విషయంలో ఆ గుట్ట తరిగితే జాతే తరిగిపోతుంది.

రక్షణ ఎప్పుడూ పేరుతో మొదలవుతుంది. బంగారుబల్లికి ప్రజల భాషలో ఒక పేరు, కంచి బల్లితో కలిసొచ్చిన ఒక గౌరవం, చట్టంలో ఒక స్థానం ఉన్నాయి. వెలికొండ, రిషివ్యాలీ పగటిబల్లులకు లాటిన్ పేర్లున్నాయి. వాటి పక్కన జీవించే ప్రజల భాషలో పేర్లు లేవు. క్వారీ అనుమతికి ముందు జరిగే ప్రజాభిప్రాయసేకరణలో ఒక రైతు ఆ జీవి గురించి మాట్లాడాలంటే దాన్ని పిలవడానికి ఒక మాట కావాలి. వెలికొండ పగటిబల్లి, రిషివ్యాలీ పగటిబల్లి అనే స్థలనామసహితమైన పేర్లు ఇందుకు అనువైనవి. పశువుల కాపరులు, తేనె సేకరించే చెంచులు, రాళ్లు కొట్టే కార్మికులు రాతిబల్లులను ఏ పేర్లతో వ్యవహరిస్తున్నారో సేకరించడం భాషాపరిశోధనకు, జీవశాస్త్రానికి ఉభయతారకం.

9. ముగింపు:

• పగటిబల్లి రూపంలోని గుండ్రని కనుపాప, సన్నని వేళ్లు, రాతిరంగు ఒళ్లు పగటిజీవనానికి, గరుకురాతికి అనుగుణమైనవి.

• నెమాస్పిస్ ఆవాసంలో రాతిపగులు కీలకమైనది. వేడి, తేమల నిలకడ వల్ల అది లక్షల ఏళ్లుగా ఆశ్రయమిస్తోంది. గుట్టకు గుట్టకు దూరం వల్ల కొత్తజాతుల పుట్టుకకు కారణమవుతోంది.

• అతుక్కుపోయే గట్టిపెంకు గుడ్డు పొడినేలలో బతుకునిచ్చింది. అదే సమయంలో సంతానాన్ని ఒకే పగులుకు కట్టిపడేసింది.

• మారిషస్ ఉదాహరణను బట్టి చిన్నబల్లి మనుగడతో ఇతర జీవుల మనుగడ కూడా ముడిపడి ఉంటుందని గ్రహించవచ్చు.

• ఎత్తిపోతల వంటి లోయలలో మొసళ్లకు లభిస్తున్న శ్రద్ధ రాతిగోడల జీవులకూ లభించాలి. పగలు, రాత్రి వేరువేరుగా జరిగే సర్వేక్షణలు, వాటితోపాటు స్థానిక పదసేకరణ అందుకు తొలిమెట్లు.

• శకునం చెప్పే బల్లికి తన శకునం తెలియదని సామెత. కొండరాతి పగటిబల్లి భవిష్యత్తు ఆ కొండ పక్కన నివసించే మనుషుల నిర్ణయంపై ఆధారపడి ఉంది.